మా తాత జీతం, నా జీతం

2015లో నాకు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆర్డర్ కాగితం పట్టుకొని ఊరికి పోయాను. అవ్వ అరుగు మీద కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. ఆమె మాటల్లోనే చెబుదామని, "అవ్వా, నాకు జీతం కుదిరింది" అన్నాను. అవ్వ చెయ్యి ఆగింది.

"ఎవరింట్ల బిడ్డా?" అంది.

కాలేజీ అని, సర్కారు అని, నెలనెలా బ్యాంకులో పైసలు పడతాయని చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక నవ్వింది గానీ, మొదట ఆమె ముఖంలో కనబడ్డ భయం నేనింకా మరిచిపోలేదు. అవ్వకు జీతమంటే ఒక ఇల్లు. ఆ ఇంటి పటేలు, ఆ ఇంటి బర్లు, పేడ, నాగలి, ఆ ఇంటి వెనక వాకిట్లో దూరంగా కూర్చొని పోయించుకునే గంజి. మనిషి పొద్దు పొడవకముందు ఆ ఇంటికి పోయి, పొద్దు గూకినాక తన ఇంటికి వస్తే దాన్ని జీతముండటం అంటారు. అట్లా ఉండేవాడు జీతగాడు.

మా తాత ఎనిమిదో ఏట పశులు కాయడానికి జీతం చేరాడు. పెండ్లికి పటేలు దగ్గర రెండు వందల రూపాయలు, రెండు బస్తాల జొన్నలు తీసుకున్నాడు. అది 1958. ఆ అప్పు కింద ఇరవై ఒక్క ఉగాదులు జీతమున్నాడు. ఉగాదికి ఉగాదికి లెక్క చూసేవాళ్లట. లెక్క రాసేది పటేలు, చదివి చెప్పేది పటేలు. జ్వరమొచ్చి పడుకున్న రోజులు నాగా. నాగా పడితే ఆ రోజు గింజలు పోవడమే కాదు, ఆ రోజు పెట్టుకున్న బదులు మనిషి కూలి కూడా తాత అప్పులోనే కలిసేది. విరిగిన నాగలి, తప్పిపోయిన దూడ, బతుకమ్మకు అవ్వకిచ్చిన చీర, అన్నీ అప్పులోకే. మా పెద్దనాయనకు పదేళ్లు రాగానే వడ్డీ కింద ఆయన్ని కూడా పంపించారు. మా నాయన తర్వాత పుట్టాడు కాబట్టి బడికి పోయాడు. మా నాయన చదువుకు, నా చదువుకు ఇదొక కారణం. మా కుటుంబంలో తెలివి వరుసగా పుట్టిన క్రమంలో రాలేదు, అప్పు తీరిన క్రమంలో వచ్చింది.

ఇక్కడ తెలుగు మాస్టరుగా ఒక మాట. జీతం అనే మాట సంస్కృతం జీవితం నుంచి వచ్చిన తద్భవం. బతుకు తెరువు అని అర్థం. నా పే స్లిప్పు మీద, మా తాత లెక్కలో ఉన్నది ఒకే మాట.

ఆధునిక బానిసత్వం, మనుషుల అక్రమ రవాణా అని ఇప్పుడు సెమినార్లు జరుగుతున్నాయి. మా కాలేజీలోనూ ఒకటి జరిగింది. పోస్టరు మీద సంకెళ్ల బొమ్మ వేశారు, ఆఫ్రికా గురించి, గల్ఫ్ గురించి, సెక్స్ ట్రాఫికింగ్ గురించి మాట్లాడారు. అన్నీ నిజాలే. కానీ మూడు గంటల్లో ఒక్కరూ మాల అనలేదు, మాదిగ అనలేదు, జీతగాడు అనలేదు. కూర్చున్న పిల్లల్లో సగం మంది తాతలు జీతమున్నవాళ్లే. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను.

పీహెచ్‌డీ రోజుల్లో తెలుగు నవలల్లో పాలేరు పాత్రల మీద నోట్సు రాసుకుంటూ, లైబ్రరీలో 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తీసి చదివాను. సాహిత్యం వాళ్లు చట్టాలు చదవరు, నేనూ అంతవరకు చదవలేదు. రెండో సెక్షన్ దగ్గరే ఆగిపోయాను. ఒప్పందం అంటే ఏమిటో చెబుతూ అక్కడొక వివరణ ఉంది. ఆచారంగా నడిచే ఫలానా ఫలానా చాకిరీల్లో అప్పిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య ఒప్పందం ఉన్నట్టే భావించాలని చెప్పి, ముప్పై దాకా పేర్లు వరసగా ఇచ్చారు. ఆదియమార్, బారామాసియా, చెరుమార్, హర్వాయి, హోల్యా, కమియా, పన్నయిలాల్, సాగ్రి... ఆ ఇంగ్లీషు అక్షరాల మధ్య మనవి నాలుగు. భగేలా. జీత. పాలేరు. వెట్టి. (జీత మనదే కాదు, కన్నడ వాళ్లది కూడా.)

పార్లమెంటు చేసిన చట్టంలో మా తాత పేరు చూసినట్టే అనిపించింది.

ఆ జాబితా ఇంకోసారి చూడండి. చెరుమార్ అనేది కేరళలో ఒక దళిత కులం పేరు. హోల్యా అన్న మాటలో కన్నడ నేల మీది హొలెయ కులం వినబడుతుంది. అంటే కొన్నిచోట్ల చాకిరీకి వేరే పేరే లేదు. కులం పేరు చెబితే చాలు, ఆ మనిషి ఎవరి పొలంలో ఏం చేయాలో తెలిసిపోతుంది. చట్టం రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. అదే సెక్షన్‌లో, మనిషి ఏయే కారణాల వల్ల కట్టుబానిస అవుతాడో చెప్పేటప్పుడు అప్పు ఒక్కటే చెప్పలేదు. ఆచారం వల్ల, తండ్రి నుంచి వచ్చిన బాధ్యత వల్ల, ఫలానా కులంలో పుట్టడం వల్ల కూడా అని రాశారు. విద్యార్థులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ప్రపంచంలోని పెద్ద ఒప్పందాల్లో ఇది లేదు. 1926లో నానాజాతి సమితి బానిసత్వ ఒప్పందం, 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్బంధ శ్రమ ఒప్పందం, 1956లో ఐక్యరాజ్యసమితి అనుబంధ ఒప్పందం, ఈ మూడూ పనికొచ్చేవే. 1956 నాటిదైతే అప్పు కింద చాకిరీని స్పష్టంగా నిర్వచించింది. కానీ అప్పు ఎవరికి పుడుతుంది, ఎవరి చేత తీరకుండా ఉంటుంది అన్నది అక్కడ ప్రశ్న కాదు. మన చట్టం ఆ ప్రశ్నకు జవాబు రాసింది. రాసి ఊరుకుంది.

కొంచెం వెనక్కి పోదాం.

1833లో బ్రిటిష్ పార్లమెంటు తన సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసిందని హైస్కూలు పుస్తకంలో చదువుకున్నాం. ఈస్ట్ ఇండియా కంపెనీ ఏలుతున్న నేలకు ఆ చట్టం వర్తించదని అందులోనే రాసుకున్న సంగతి పుస్తకంలో లేదు. ఇక్కడికి వచ్చింది 1843 నాటి ఐదో చట్టం. ఒక మనిషి నా బానిస అని ఎవరైనా వస్తే కోర్టులు, అధికారులు ఆ హక్కును గుర్తించరు అన్నారు. బానిసను పెట్టుకోవడం నేరమని అనలేదు. బానిసల దగ్గరికి పోయి మీరు స్వేచ్ఛాజీవులు అని చెప్పమనీ ఎవరికీ చెప్పలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ భూస్వాములకు ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. అమ్మకం పత్రం పోయి అప్పు పత్రం వచ్చింది.

తర్వాత 1859లో ఇంకో చట్టం వచ్చింది. పనివాడు అడ్వాన్సు తీసుకొని పని చేయకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకుపోవచ్చు. పని చేయమనో, డబ్బు కట్టమనో ఆదేశిస్తారు. రెండూ చేయకపోతే మూడు నెలల వరకు కఠిన శిక్ష. అప్పు తీర్చకపోవడం లోకంలో సివిల్ తగాదా, కూలోడు చేస్తే మాత్రం క్రిమినల్ నేరం. ఇది 1925 దాకా పుస్తకాల్లో ఉంది. అడ్వాన్సు అనే మాటకు ఇవాళ మన ఇటుక బట్టీల్లో ఉన్న బలం ఈ చట్టం కాలంలోనే పెరిగిందని నా అభిప్రాయం.

ఆ రోజుల్లోనే కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలు మారిషస్‌కు, బర్మాకు పోయారు. తర్వాత నాటాల్‌కు, ఫిజీకి. మారిషస్‌లో తెలుగువాళ్లను చాలా కాలం కొరంగీలనే పిలిచేవాళ్లు, ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది. ఐదేళ్ల ఒప్పందం, వేలిముద్ర. వాళ్లలో మాల మాదిగలు ఎందరో ఉన్నారు. ఊళ్లో జీతం కంటే సముద్రం నయమనుకొని పోయినవాళ్లు కూడా ఉంటారు, అందర్నీ ఎత్తుకుపోయారని రాయడం వాళ్ల తెగువను తక్కువ చేయడమే. దాని మీద వేరే రాస్తాను.

నిజాం రాజ్యంలో సంగతి వేరు. ఇక్కడ రెండు మాటల్ని విడదీసి చూడాలి. మనం అన్నింటినీ కలిపి వెట్టి అంటాం. వెట్టికి అప్పు అక్కర్లేదు. ఆ మాట విష్టి నుంచి వచ్చిందంటారు, విష్టి అర్థశాస్త్రం నాటి నుంచీ ఉన్నది. రాజుకు, రాజు మనిషికి ఊరికే చేసిపెట్టే పని. తెలంగాణ ఊళ్లలో ప్రతి వృత్తి కులానికీ వెట్టి ఉంది. చాకలి, మంగలి, కుమ్మరి, అందరికీ. కానీ మా వాడల మీద పడ్డది వేరే బరువు. ఇంటికొక మనిషి చొప్పున పోవాలి. కాగితాలు మోసుకొని పక్క ఊరికి పరుగెత్తాలి, వచ్చిన అధికారి సామాను మోయాలి, చావడి దగ్గర కాపలా ఉండాలి, డప్పు కొట్టాలి, దొర గడీకి చెప్పులు, మోట బొక్కెన కుట్టి ఇవ్వాలి. పుట్టడమే ఒప్పందం.

భగేలా అట్లా కాదు. అది అప్పు. పెండ్లికో చావుకో దొర దగ్గర గింజలు తెస్తారు, అది తీరేదాకా మనిషి దొరవాడు. తండ్రి చస్తే కొడుకు. ఒకే ఇంట్లో వెట్టి, భగేలా రెండూ ఉండేవి. ఇంటికొకరు వెట్టికి, ఒకరు భగేలాకు, మిగిలినవాళ్లు కూలికి. బాంచన్ అనే మాట సినిమాల వల్ల ఇవాళ వేళాకోళమైపోయింది గానీ, నీ బానిసను అని దాని అర్థం. దొర ఎదుటపడ్డ ప్రతిసారీ ఆ మాట చెప్పాల్సి వచ్చేది.

భగేలా ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1943లోనే ఒక రెగ్యులేషన్ తెచ్చింది. ఢిల్లీ చట్టానికి 33 ఏళ్ల ముందు. అది గడీల గేటు దాటలేదు. వెట్టిని కదిలించింది ఆంధ్రమహాసభ సంఘాలు, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద పేలిన తూటా, ఆ తర్వాతి ఐదేళ్లు. సాయుధ పోరాటానికి ఇవ్వాల్సిన గౌరవం ఇస్తూనే నాకొక పేచీ ఉంది. వెట్టి పోయినంతగా జీతం పోలేదు. దొర గడీ కూలింది, సరే. తాత 1958లో అప్పు తెచ్చుకున్నది దొర దగ్గర కాదు. పోరాటం తర్వాత భూమి నిలబెట్టుకున్న ఒక పటేలు దగ్గర. ఆ పటేలు కుటుంబం సంఘంలో పనిచేసిందని ఊళ్లో చెబుతారు. సాహిత్యంలో వెట్టి మీద నవలలు, కథలు, పాటలు ఉన్నాయి. జీతం మీద ఎన్ని? గడీ కథలో విలన్ ఒక్కడే ఉంటాడు, రాయడం సులువు. జీతం కథ రాయాలంటే ఊళ్లో సగం ఇళ్ల పేర్లు రాయాలి.

కోస్తాలో పాలేరు. పాలికాపు, పాలేరు అన్న మాటల్లో పాలు వినబడుతుంది, అంటే వాటా. వాటా ఉన్నట్టు వినబడటమే, చేతికి వచ్చింది ఏడాదికి ఇన్ని బస్తాలని గింజలు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అందులో సంగదాసు పాలేరు, యజమాని చేతిలోనే చస్తాడు. బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రాడు చదువుకొని అధికారి అవుతాడు. ఒక అగ్రకుల సంస్కర్త రాస్తే పాలేరు చచ్చిపోయాడు, ఒక దళితుడు రాస్తే పాలేరు బడికి పోయాడు. నా థీసిస్‌లో ఈ వాక్యం రాస్తే మరీ సూటిగా ఉంది, తీసెయ్యమన్నారు. తీసేశాను. ఇక్కడ మళ్లీ పెట్టాను.

రాజ్యాంగం వచ్చింది. 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, బేగారును, అటువంటి నిర్బంధ చాకిరీని నిషేధించింది. బేగార్ అనే మన మాటను ఇంగ్లీషు రాజ్యాంగంలో ఉన్నదున్నట్టు పెట్టారు. ఆ పేరుతో జరిగే చాకిరీ బాబాసాహెబ్‌కు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. మహార్ వతన్ పేరుతో తన కులం మీద పడ్డ చాకిరీని మార్చాలని 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినవాడు ఆయన. ఈ నేరాలకు శిక్షలు నిర్ణయించే చట్టం పార్లమెంటు వీలైనంత త్వరగా చేయాలని 35వ అధికరణం చెప్పింది. వీలు కావడానికి 25 ఏళ్లు పట్టింది. ఎమర్జెన్సీ నడుస్తున్నప్పుడు, 20 సూత్రాల కార్యక్రమంలో భాగంగా, 1975 అక్టోబర్ 24న ఆర్డినెన్స్ వచ్చింది. దేశమంతా స్వేచ్ఛ కోల్పోయిన నెలల్లో కట్టుబానిసలకు స్వేచ్ఛ వచ్చింది. చరిత్ర మన సౌకర్యం కోసం నడవదు, ఇందిరమ్మ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా ఆ చట్టం మంచి చట్టం.

ఎంత మంచిదో చూడండి. అది అమల్లోకి వచ్చిన రోజునే కట్టుబానిసలందరూ విముక్తులు. కోర్టుకు పోవక్కర్లేదు. చాకిరీకి కారణమైన అప్పు ఆ రోజుతో రద్దు. ఇది కట్టుచాకిరీ అప్పు కాదు అని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడు, కూలోడు కాదు. బలవంతంగా చేయించుకుంటే మూడేళ్ల వరకు జైలు. కూలి బొత్తిగా తక్కువ ఇచ్చినా, వేరే పనికి పోనీయకపోయినా, ఊరు దాటనీయకపోయినా, తన కష్టాన్ని బజారు ధరకు అమ్ముకోనీయకపోయినా, ఏ ఒక్కటి ఉన్నా చాలు. నాలుగూ ఉండాలని లేదు. గొలుసు ఉండాలని ఎక్కడా లేదు. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయడం కూడా నిర్బంధ చాకిరీయే అంది. ఆకలి కూడా ఒక బలవంతమే అన్నది ఆ తీర్పు సారం.

మరి ఎంతమంది విడుదలయ్యారు? 1978-79లో గాంధీ పీస్ ఫౌండేషన్, నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి పది రాష్ట్రాల్లో సర్వే చేసి 26 లక్షల 17 వేల మంది కట్టుబానిసలు ఉన్నారన్నాయి. వాళ్లలో అత్యధికులు దళితులు, ఆదివాసులు. దాదాపు అదే కాలంలో ప్రభుత్వ శాంపిల్ సర్వే లెక్క 3 లక్షల 43 వేలు. ఒకే దేశం, ఒకే దశకం, ఎనిమిదింతల తేడా. ఒకరు మనిషి ఎట్లా బతుకుతున్నాడో చూసి లెక్కపెట్టారు, ఇంకొకరు కాగితం మీద ఎట్లా కనబడుతున్నాడో చూశారు. 1978 నుంచి ఇప్పటిదాకా సర్కారు లెక్కల్లో విడుదలై పునరావాసం పొందినవాళ్లు సుమారు 3 లక్షలు. 2016లో కేంద్రమే 2030 నాటికి కోటి 84 లక్షల మందిని విడిపించాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మన రాష్ట్రంలో ఈ చట్టాన్ని మనసుపెట్టి నడిపించిన పేరు ఎస్.ఆర్. శంకరన్. సాంఘిక సంక్షేమ శాఖలో పెద్ద అధికారిగా ఉండి, హైదరాబాద్‌లో కూర్చోకుండా ఊళ్లకు పోయి, జీతగాళ్ల ముందు నేల మీద కూర్చొని మీ అప్పు రద్దయింది అని చెప్పినవాడు. పెండ్లి చేసుకోలేదు, తన జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువులకే పోయింది. పద్మ అవార్డు ఇస్తే వద్దన్నాడు. బ్రాహ్మణుడు కదా అని మనవాళ్లు కొందరు ఆయన పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. నేను చిట్లించను.

ఇక ఇవాళ్టి సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, వాక్ ఫ్రీ, వలసల సంస్థ కలిసి 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 4 కోట్ల 96 లక్షల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. 2 కోట్ల 76 లక్షలు నిర్బంధ శ్రమలో, మిగిలినవాళ్లు నిర్బంధ వివాహాల్లో. ఈ అంకె అవసరమే. కానీ ఆధునికం అనే మాట దగ్గర నాకు గుచ్చుకుంటుంది. నేపాల్‌లో కమైయాలను 2000 సంవత్సరంలో విముక్తుల్ని చేశారు, వాళ్లు థారు ఆదివాసులు. మన చట్టంలోని కమియా దానికి దగ్గరి మాటే. పాకిస్తాన్‌లో పంజాబ్ ఇటుక బట్టీల నుంచి వచ్చిన టెలిగ్రాం ఒకటి 1988లో అక్కడి సుప్రీంకోర్టును కదిలించి, 1992లో మన చట్టంలాంటిదే తెప్పించింది. ఆ టెలిగ్రాం పంపినవాడు క్రైస్తవుడు. ఆ బట్టీల్లోని క్రైస్తవుల్లో చాలామంది ఒకప్పటి అంటరాని కులం పిల్లలు. మతం మారింది, దేశం మారింది, బట్టీ మారలేదు. ఇందులో ఆధునికం ఏముంది?

మన బట్టీలకు వస్తాను. హైదరాబాద్ చుట్టూ, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో పని చేసేది ఎక్కువగా ఒడిశా వాళ్లు. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల దళితులు, ఆదివాసులు, వెనకబడిన కులాలవాళ్లు. అక్కడ కొత్త బియ్యం పండుగ నువాఖాయి వస్తుంది, చేతిలో పైసా ఉండదు. సర్దార్ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. మనిషికి కాదు, జట్టుకు. మొగుడు, పెండ్లాం, ఒక పిల్లవాడు కలిస్తే ఒక పథురియా. నవంబర్, డిసెంబర్లలో దిగి మే, జూన్ దాకా ఉంటారు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క, అది అడ్వాన్సులో కోత. వారానికోసారి తిండి ఖర్చు ఇస్తారు, అదీ లెక్కలోకే. ఈ పనిని వాళ్లు దాదన్ అంటారు. దాదన్ అంటే పారశీకంలో ఇవ్వడం. ఒడిశాలో 1975లో దాదన్ కార్మికుల మీద ఒక చట్టమే వచ్చింది. మాకు జీతం ఎట్లానో వాళ్లకు దాదన్ అట్లా.

2013 డిసెంబర్‌లో కలహండి నుంచి బట్టీలకు బయలుదేరిన ఒక జట్టులో చాలామంది తప్పించుకున్నారు. దొరికిన ఇద్దరి కుడిచేతుల్ని కాంట్రాక్టరు మనుషులు నరికేశారు. సుప్రీంకోర్టు తనంత తానుగా కేసు తీసుకుంది. వాళ్లు రావాల్సింది మన దగ్గరికి. మనం కట్టుకునే ఇళ్ల ఇటుకల కోసం.

మూడేళ్ల కింద ఏప్రిల్‌లో ఒక బట్టీ నుంచి ఫోన్ వస్తే, కూలీల కోసం పనిచేసే మిత్రులతో కలిసి నేనూ, నలుగురు విద్యార్థులూ పోయాం. ఏ జిల్లా, ఏ ఆఫీసు అన్నది రాయను. పిల్లలతో కలిపి 23 మంది. ఒక ఆడమనిషికి పురిటి నొప్పులొస్తే కూడా పంపలేదని ఫిర్యాదు. అధికారులు వచ్చారు, మంచిగానే మాట్లాడారు. "గొలుసుల్లేవు, తాళాల్లేవు, చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, వీళ్లు బాండెడ్ ఎట్లయితరు సార్?" అని నన్నడిగారు. రెండో సెక్షన్ చూపించాను. "అడ్వాన్సు తీసుకున్నట్టు కాగితమేది?" అన్నారు. కాగితం అక్కర్లేదని, కాదని నిరూపించాల్సింది యజమాని అని పదిహేనో సెక్షన్ చూపించాను. ఒడియా తెలిసిన కార్యకర్త ఒకావిడను అడిగింది, మరి ఎందుకు వెళ్లిపోలేదు అని. దాదన్ తీరలేదు కదా, ఎట్లా పోతాం, అందామె. నాకది ఒడియాలా వినబడలేదు. అవ్వ గొంతులా వినబడింది.

చివరికి రిపోర్టులో రాసింది ఇది: యజమానికీ కూలీలకూ మధ్య కూలి లెక్కల వివాదం, పరిష్కరించబడింది. లారీ ఎక్కించి రైల్వే స్టేషన్‌కు పంపారు. విడుదల సర్టిఫికెట్ ఇవ్వలేదు. బాండెడ్ లేబర్ అనే రెండు మాటలు ఆ కాగితం మీద పడి ఉంటే మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు పునరావాసం రావాలి. అందులోనూ యజమానికి శిక్ష పడితే గానీ పూర్తి సొమ్ము రాదు, ముందుగా ఇచ్చేది 30 వేలు దాటదు. ఆ మాటలు పడలేదు కాబట్టి కేసూ లేదు, సొమ్మూ లేదు. అధికారి చెడ్డవాడని నేననుకోను. తన జిల్లాలో వెట్టి ఉందని రాస్తే జవాబు చెప్పుకోవాల్సింది తనే, ఉద్యోగం చేసుకునే మనిషి అట్లా రాయడు. మీరెవరైనా ఇట్లా పోతే మొదటి గంటలోనే ప్రతి మనిషి వాంగ్మూలం విడిగా, వాళ్ల భాషలో, వాళ్ల మాటల్లో తీసుకోండి. అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు, పోతామంటే ఏమన్నారు, వారానికి ఎంత చేతికిచ్చారు. దాదన్ అంటే దాదన్ అనే రాయండి, అడ్వాన్సు అని మార్చకండి. మేం ఆ పని సాయంత్రానికి మొదలుపెట్టాం. అప్పటికి లారీ వచ్చేసింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి చట్టం మళ్లీ తీశాను. తొమ్మిదో సెక్షన్ అంతకుముందు సరిగా చదవలేదు. రద్దయిన అప్పు కింద అప్పిచ్చినవాడు పైసా తీసుకోకూడదు. తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు. తీసుకున్న సొమ్ము కూలోడికి తిరిగి ఇప్పించడానికి కోర్టులో కట్టమని కూడా ఆదేశించవచ్చు.

చట్టం అమల్లోకి వచ్చినట్టు లెక్క 1975 అక్టోబర్ 25 నుంచి. ఆ రోజు పొద్దున తాత ఎప్పట్లాగే పటేలు ఇంటికి పోయి ఉంటాడు. 1976 ఉగాదికి లెక్క చూశారు. 77లో చూశారు. 78లో చూశారు. 1979 ఉగాదికి ఇంకా నాలుగు వందల ఇరవై బాకీ ఉందని తేల్చితే, అవ్వ పాలిచ్చే బర్రెను అంగడికి తోలి అమ్మి, ఆ డబ్బు తెచ్చి పటేలు చేతిలో పెట్టింది. తాత జీతం అట్లా తీరింది. అవ్వ 2019లో పోయింది. అప్పటికి నేను తొమ్మిదో సెక్షన్ చదవలేదు, కాబట్టి ఆమెకు చెప్పలేదు. బర్రె సంగతి మాత్రం ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఈతకు దగ్గర పడ్డదట.

వచ్చే ఆదివారం జోగిని వ్యవస్థ గురించి.

జై భీమ్.